పదకొండు రోజుల గడువును వదిలేసిన రెండో భాగం

(నెల్లూరు స్టూడియో. చర్చలో ఒక నవలా విమర్శకురాలు, ఒక సైబర్ భద్రతా నిపుణుడు.)

సమన్వయకర్త: నమస్కారం. ఇవాళ మాట్లాడుకునేది ఒక నవల రెండో భాగం గురించి. కృష్ణపట్నం రేవు, రొయ్యల ఎగుమతులు, సైబర్ క్రైం ఎస్సైని ప్రేమించిన హ్యాకర్ అమ్మాయి. మొదటి భాగం కింద పెట్టనివ్వలేదు. రెండోది చేతిలో నిలవలేదు. లోపం ఎక్కడుంది మేడమ్?

విమర్శకురాలు: మొదటి అధ్యాయంలోనే ఉందండీ. ముందు భాగంలో ఆమె ఒక్కో సర్వర్‌లోకి దూరినప్పుడల్లా అతనికి ఒక్కో అబద్ధం చెప్పాల్సొచ్చేది. నేరం తేలేకొద్దీ ప్రేమ చిక్కుల్లో పడేది. రెండు పోగులూ కలిపి పేనిన తాడు అది. ఇందులో అతనికి అన్నీ తెలిసిపోయాయి, పెళ్లీ అయిపోయింది. ఇక దాచడానికి ఏమీ లేక, ఎవరో పంపిన ఫోటో ఒకటి తెచ్చి ఇద్దర్నీ విడదీశారు. ఒక్క ఫోన్‌తో తీరిపోయే అపార్థం అది. దాని మీద సగం పుస్తకం నడపడం అన్యాయం.

సమన్వయకర్త: హ్యాకింగ్ సంగతేంటి సార్?

నిపుణుడు: కావలి బస్టాండు సీను చూడండి. టీ తాగుతూ విలన్ ఐపీ అడ్రస్, అంటే నెట్‌లో అతని ఫోనుకు కనిపించే నంబరు, కొడితే ఇంటి డోర్ నంబరుతో సహా వచ్చేసింది. అలా రాదు. మొబైల్ డేటాలో ఒకే ఐపీని ఒకేసారి ఎంతోమంది పంచుకుంటారు. ఎవరిదో తేలాలంటే ఐపీతో పాటు పోర్ట్ నంబరు (ఆ ఐపీలో ఒక్కో కనెక్షన్‌ను వేరుచేసే సంఖ్య), సెకన్లతో సహా టైము ఉండాలి. వాటితో నెట్ కంపెనీ రికార్డుల్లో వెతకాలి. అవి పోలీసులు రాసి అడిగితే వస్తాయి, టీ కొట్టు దగ్గర రావు.

సమన్వయకర్త: ఇంత వివరం రాస్తే పాఠకులకు విసుగు రాదా?

నిపుణుడు: కథ ఉన్నదే ఆ వివరంలో! జువ్వలదిన్నె దారిలో ఐస్ ఫ్యాక్టరీ పెట్టారు గదా, దానికి 4 సీసీ కెమెరాలు. ఒక్కోటి సెకనుకు 2 మెగాబిట్లు రాస్తే రోజుకు 21.6 జీబీ. నాలుగూ కలిపి 86 జీబీ పైన. 1 టీబీ డిస్కు పదకొండు రోజులకు నిండుతుంది. ఆపైన పాతదాని మీదే కొత్తది పడుతుంది. హత్య జరిగి తొమ్మిది రోజులైందని నవల్లోనే ఉంది. అంటే ఆమెకు మిగిలింది రెండు రోజులు. ఆ లెక్క రచయిత వేసుకోలేదు. నాయిక మూడు వారాల తర్వాత తీరిగ్గా ఆ కెమెరాల్లో పడిన హత్యనాటి దృశ్యం తీసుకుంటుంది.

విమర్శకురాలు: చేతికందిన గడువును జారవిడిచారు.

నిపుణుడు: ఇంకోటి. చాలా డీవీఆర్‌లలో, అంటే కెమెరా దృశ్యాలు రికార్డు చేసే పెట్టెల్లో, బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది. అది అయిపోతే కరెంటు పోయొచ్చినప్పుడల్లా గడియారం తప్పుతుంది. అందుకే డీవీఆర్ స్వాధీనం చేసుకునేటప్పుడు అందులోని టైము, అసలు టైము రెండూ పంచనామాలో రాసుకోవాలి. ఆ తేడా నలభై నిమిషాలుంటే ఒక అమాయకుడు ఇరుక్కుంటాడు, లేదా హంతకుడు తప్పించుకుంటాడు. నవల్లో తెర మీది టైమునే అందరూ నమ్మేశారు.

సమన్వయకర్త: ఆమె దొంగచాటుగా తీసిన కాపీ కోర్టులో నిలుస్తుందా?

నిపుణుడు: కష్టం. సాక్ష్యాల చట్టం, అదే భారతీయ సాక్ష్య అధినియం, 63వ సెక్షన్ ప్రకారం ఆ పరికరం ఎవరి ఆధీనంలో ఉందో వాళ్ల సర్టిఫికెట్, నిపుణుడి సంతకం కావాలి. పైగా అనుమతి లేకుండా దూరినందుకు ఐటీ చట్టం 66 కింద ఆమెకే మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఎస్సై అయితే క్రిమినల్ కేసుల విచారణ పద్ధతి చెప్పే చట్టం బీఎన్ఎస్ఎస్ 94 కింద నోటీసిచ్చి తెప్పించుకోవచ్చు.

విమర్శకురాలు: అదిగో, తెగిన తాడు అక్కడే కలుస్తుంది. మొదటి భాగం చివరి పేజీలో ‘ఇక ఎవరి సిస్టంలోకీ దూరను’ అని అతనికి మాటిచ్చింది. రెండో భాగం ఆ మాటనే మర్చిపోయింది. దృశ్యం డీవీఆర్‌లో ఉందని ఆమెకు తెలిసిందంటే మళ్లీ దూరినట్టే, మాట తప్పినట్టే. నోటీసు ఇవ్వగలిగింది అతనొక్కడే. చెబితే కాపురం పోతుంది, చెప్పకపోతే సాక్ష్యం పోతుంది. పదో రోజు రాత్రి డ్యూటీ నుంచి వచ్చి అతను బూట్లు విప్పుకుంటుంటే, ఆమె ఎదురుగా నిలబడి నోరు తెరవాలి. ఫోటోకు బదులు ఆ సీను రాయాల్సింది.