అనంతపురం నుంచి మొదటి మారథాన్: ఏ నెలలో, ఎలా, చందాల లెక్క ఏంటి

(తెర మీద: ఇంకా వెలుతురు రాని వేళ, ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్)

నమస్తే. మొదటిసారి మారథాన్ పరిగెత్తి, ఆ పేరుతో ఏదైనా మంచి పనికి డబ్బు పోగు చేద్దామనుకునే మన అనంతపురం వాళ్ల కోసం ఈ వీడియో. మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు. రోడ్డున ధర్మవరం చేరి ఇంకాస్త ముందుకు పోయినంత దూరం.

చాలామంది మొదట అడిగేది ఏ షూ కొనాలని. నేను మాత్రం ఏ నెల పరుగు ఎంచుకున్నారని అడుగుతాను. హైదరాబాద్ మారథాన్ మనకు దగ్గరే, కానీ అది ఆగస్టులో. దానికి ఏప్రిల్‌లోనే సాధన మొదలుపెట్టాలి. ఏప్రిల్, మే ఎండలు మీకు నేను చెప్పక్కర్లేదు. కొత్తవాళ్లకైతే వద్దంటాను. టాటా ముంబై మారథాన్ జనవరి మూడో ఆదివారం జరుగుతుంది. ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్ మన స్టేషన్‌లోనే ఎక్కొచ్చు. సేవా సంస్థల కోసం చందాలు పోగు చేసే ఏర్పాటు ఆ పరుగులోనే ఉంది. దీనికైతే సాధనలో చేసే పెద్ద పరుగులన్నీ అక్టోబరు, నవంబరు, డిసెంబరు చల్లదనంలో అయిపోతాయి.

(తెర మీద: జూన్ నుంచి జనవరి దాకా క్యాలెండర్)

జూన్ నుంచి ఆగస్టు దాకా నడక, మధ్యమధ్యలో పరుగు. ఆగకుండా 5 కిలోమీటర్లు పోగలిగితే సెప్టెంబరులో అసలు సాధన మొదలుపెట్టొచ్చు. వారానికి నాలుగు రోజులు చాలు. మూడు రోజులు చిన్న పరుగులు, ఆదివారం పెద్దది. ఆదివారం దూరం సెప్టెంబరులో 8తో మొదలై, అక్టోబరులో 15 దాటి, నవంబరులో 21కి వస్తుంది. నాలుగో వారం ఎప్పుడూ కాస్త తగ్గించండి, కాళ్లకు ఊపిరి తీసుకునే టైం కావాలి. డిసెంబరు చివరి ఆదివారం 30. ఆ తర్వాత పరుగు రోజు దాకా తగ్గించుకుంటూ రావడమే. మిగతా 12 కిలోమీటర్ల మాటేంటని టెన్షన్ పడి జనవరిలో ఇంకో పెద్ద పరుగు పెట్టుకోవద్దు. దానివల్ల వచ్చేది అలసటే.

వేగం సంగతా? పక్కవాళ్లతో మాట్లాడుతూ పోగలిగినంత. మాట తెగిపోతోందంటే ఎక్కువైనట్టే. వాచీలు, యాప్‌లు తర్వాత చూసుకోవచ్చు.

పెద్ద పరుగు రోజు నాలుగున్నరకే బయలుదేరండి. బుక్కరాయసముద్రం వైపు పోతారా, యూనివర్సిటీ రోడ్డు పట్టుకుంటారా మీ ఇష్టం. ఎటు పోయినా రోడ్డుకు కుడివైపునే, ఎదురొచ్చే బండ్లు కనబడేలా. వెలుగు పడితే మెరిసే జాకెట్ వేసుకోండి. వీధికుక్కలు ఎదురైతే ఉరకొద్దు, నడకలోకి దిగండి. మోకాలి నొప్పి రెండు మూడు రోజుల్లో తగ్గకపోతే యూట్యూబ్‌లో, నాతో సహా, ఎవరినీ అడగకండి. డాక్టర్ దగ్గరికి పోండి. నలభై దాటినవాళ్లు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు మొదలుపెట్టకముందే చూపించుకోవాలి.

(తెర మీద: అరటిపండ్లు, బెల్లం, ఓఆర్ఎస్ ప్యాకెట్)

తిండి సంగతి. ఆదివారం ఉగ్గాని బజ్జీ పరుగయ్యాకే. నూనె, పప్పు తొందరగా అరగవు. చెనిక్కాయ చిక్కీకీ అదే కారణం. ముందు ఒక అరటిపండో, రెండు ఇడ్లీలో చాలు. ఒంట్లో దాచుకున్న పిండిపదార్థం ఇంచుమించు 30 కిలోమీటర్ల దగ్గర ఖాళీ అవుతుంది. కాళ్లు ఉన్నట్టుండి మొరాయించేది అక్కడే. అందుకే గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి పోతుండాలి. ఒక అరటిపండులో సుమారు 25 గ్రాములు ఉంటుంది. మీ కడుపుకు ఏది పడుతుందో ఆదివారాల్లోనే తేల్చుకోండి.

వట్టి నీళ్లు బిందెలకొద్దీ తాగడం కూడా ప్రమాదమే, రక్తంలో ఉప్పు పలచబడుతుంది. ఓఆర్ఎస్ కలిపితే ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి. ఇంకోటి: మనది పొడి గాలి, చెమట వెంటనే ఆరిపోతుంది. ముంబైలో ఆరదు, ఒళ్లు చల్లబడదు. పైగా తిరుగు దారిలో, కాళ్లు అరిగిపోయాక, పెద్దర్ రోడ్డు ఎక్కుడు. ఇక్కడి మీ వేగం కంటే తగ్గించుకునే మొదలుపెట్టండి.

ఇప్పుడు డబ్బు. నిజానికి పరుగు కంటే ఇక్కడే చిక్కులెక్కువ.

ముందు సంస్థతో మాట్లాడండి. మన జిల్లాలో 1969లో విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన సేవా సంస్థ ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) ఉంది. చిన్న సంస్థలూ ఉన్నాయి. ఎవరైనా సరే, రసీదు ఇస్తారా, పన్ను మినహాయింపు ఉందా, ఈ డబ్బు దేనికి ఖర్చు పెడతారు అని అడగండి. ముంబై పరుగు ద్వారా పోగు చేయాలంటే ఆ సంస్థ అక్కడి జాబితాలో ఉండాలి. లేకపోతే సంస్థ సొంత ఖాతాకే నేరుగా పంపించండి.

డబ్బు మాత్రం మీ ఫోన్‌పేకి రానివ్వొద్దు. "నీకే పంపిస్తాలే, నువ్వు కట్టెయ్" అనే బావలు, చిన్నాన్నలు ప్రతి ఇంట్లో ఉంటారు. వాళ్లకూ సంస్థ క్యూఆర్ కోడే పంపండి. రసీదు వాళ్ల పేరుతో వస్తుంది, రేపు మీ మీద మాట రాదు. 2,000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే పన్ను మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఈ మినహాయింపే లేదు. ఇది ముందే చెప్పేయండి.

రైలు టికెట్, రూము, షూ, ప్రవేశ రుసుము మీ జేబులోంచే. ఆ మాట మొదటి మెసేజ్‌లోనే రాయండి, అడగకముందే అనుమానం పోతుంది. కిలోమీటరుకు ఇంత అని పందెం లాగా అడగడం నాకు నచ్చదు. 35 దగ్గర కాలు పట్టేస్తే, ఆ చందాతో చదువుకునే పిల్లల ఫీజు ఎందుకు తగ్గాలి? పరుగు పూర్తయినా కాకపోయినా చందా చందానే.

సెప్టెంబరులోనే అందరినీ అడిగేయకండి. 21 కిలోమీటర్ల పరుగు అయ్యాక, నవంబరులో మొదటి మెసేజ్ పెట్టండి. గ్రూపులో వేస్తే అందరూ బొటనవేలు చూపించి ఊరుకుంటారు. పేరు పెట్టి ఒక్కొక్కరికీ విడిగా రాయండి. జనవరి మొదటి వారంలో ఇంకోసారి గుర్తు చేయొచ్చు, అంతకు మించి వద్దు. పరుగు అయ్యాక కూడా క్యూఆర్ కోడ్ వారం పది రోజులు ఉంచండి. మెడలో మెడల్ ఫొటో చూశాకే జేబులో చెయ్యి పెట్టేవాళ్లు కొందరుంటారు.