తేడా ఉన్న ప్రతి జన్యువూ దోషి కాదు

అందరికీ నమస్కారం. 1982లో స్వర్ణ వరి రకాన్ని ఇచ్చిన మార్టేరు పరిశోధన కేంద్రానికి ఇంత దగ్గరగా నిలబడి వరి గురించి ప్రసంగించడం సాహసమే. అందులోనూ నేను ఎంచుకున్నది పుప్పొడి చచ్చిన వరి. తాలు పేరెత్తితేనే మొహం చిట్లించే రైతులు కాస్త ఓపిక పట్టాలి.

స్వర్ణ సూటి రకం. దాని పువ్వుకు దాని పుప్పొడే చాలు. రెండు రకాలను కలిపి హైబ్రిడ్ విత్తనం తీయాలంటే, గింజ పట్టాల్సిన ఆడ వరుసల్లో అది జరగకూడదు. ఎకరాల కొద్దీ పూలలో కేసరాలు ఎవరు తీస్తారు? 1970లో చైనాలోని హైనాన్ దీవిలో యువాన్ లాంగ్‌పింగ్ బృందానికి దొరికిన అడవి వరి మొక్క ఆ బాధ తప్పించింది. దాని పురుష వంధ్యత్వానికి, అంటే పుప్పొడి పనికిరాకపోవడానికి, మూలం కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో ఉంది కాబట్టి తల్లి వెంటే వస్తుంది.

ఆడ వరుసల్లో వేసే వంధ్యమైన ఎ లైనుకూ, తన మంచి పుప్పొడితో దాన్ని నిలబెట్టే జోడైన బి లైనుకూ కేంద్రక జన్యువులు దాదాపు ఒకటే. అయినా రెండింటి పరాగకోశాల్లో, జన్యువులు పనిచేసేటప్పుడు తయారయ్యే ఆర్‌ఎన్‌ఏను పోలిస్తే హెచ్చుతగ్గులున్న జన్యువుల జాబితా చాంతాడంత వస్తుంది. కారణాలన్నీ దొరికాయని అక్కడే సంబరపడేవారున్నారు. పుప్పొడిని పోషించే టపీటం పొర అప్పటికే చనిపోయి ఉంటే ఆ జాబితాలో ఎక్కువ భాగం పర్యవసానాలే. అందుకే నమూనా ఏ దశలో తీశారని ముందు అడుగుతాను.

అసలు కారకం డబ్ల్యూఏ352 అనే మైటోకాండ్రియా జన్యువని 2013లో చైనా శాస్త్రవేత్తలు తేల్చారు. దాని ఆర్‌ఎన్‌ఏ ఆకుల్లోనూ ఉంటుంది, ఆకుకు ఏమీ కాదు. ప్రొటీను మాత్రం పుప్పొడి మాతృకణాల దశలో, ముఖ్యంగా టపీటంలో పోగుపడుతుంది. అక్కడ కాక్స్11 అనే మరో ప్రొటీనుకు అంటుకుని దాని పనికి అడ్డుపడుతుంది. టపీటం వేళకు ముందే చనిపోతుంది.

మగ వరుసల నుంచి వచ్చి హైబ్రిడ్‌లో పుప్పొడిని మళ్ళీ నిలబెట్టే పునరుద్ధరణ జన్యువుల తీరు ఇంకా చిత్రం. ఆర్‌ఎఫ్4 ఆ ఆర్‌ఎన్‌ఏనే తగ్గిస్తుంది. ఆర్‌ఎఫ్3 ఆర్‌ఎన్‌ఏ జోలికి పోదు, ప్రొటీను పోగుపడకుండా చూస్తుంది. ఆర్‌ఎన్‌ఏ ఒక్కటే కొలిచే ప్రయోగశాలకు ఆర్‌ఎఫ్3 చేసిన పని కనిపించదు. విద్యార్థులారా, ప్రొటీనునూ కొలవండి.

హైబ్రిడ్ పంట గింజను మళ్ళీ విత్తనంగా వాడవద్దనడానికి ఒక కారణం ఇక్కడే ఉంది. రెండో తరంలో మొక్కలన్నిటికీ ఆ మైటోకాండ్రియా తప్పదు. పునరుద్ధరణ జన్యువులు మాత్రం విడిపోయి, కొన్నిటికి అందకుండా పోతాయి. ఆ మొక్కల వెన్నుల్లో తాలు పడుతుంది.