శంఖాన్ని ఎవరూ ముట్టుకోలేదు

హోస్ట్: నమస్తే అండీ. చెన్నైలో ఉంటున్న తెలుగువాళ్ల పుస్తకాల కబుర్లకి స్వాగతం. ఇవాళ్టి నవల విలియం గోల్డింగ్ రాసిన 'లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్'. 1954లో వచ్చింది. మాట్లాడటానికొచ్చిన తమ్ముడిది చీరాల, ఇక్కడ వేళచ్చేరిలో పీజీ హాస్టల్లో ఉంటూ ఇంజనీరింగ్ చదువుతున్నాడు. తమ్ముడూ, చదవనివాళ్ల కోసం కథ కాస్త చెప్పు.

విద్యార్థి: యుద్ధం జరుగుతుంటే ఇంగ్లిషు బడిపిల్లల్ని విమానంలో తరలిస్తుంటారక్కా. అది కూలిపోయి, మనుషుల్లేని దీవిలో పడతారు. పెద్దవాళ్లు ఒక్కరూ మిగలరు. పిల్లల్లో పెద్దవాళ్లకే పన్నెండేళ్లు. రాల్ఫ్ అనే కుర్రాడు శంఖం ఊది అందర్నీ పోగేస్తాడు, ఓట్లేసి అతన్నే నాయకుడిగా పెట్టుకుంటారు. మీటింగుల్లో ఆ శంఖం ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడాలి. కొండమీద మంట ఆరనివ్వకండి, పొగ చూసి ఏదో ఒక ఓడ వస్తుంది అంటాడు రాల్ఫ్. వేటకి పోదాం, మాంసం తిందాం అంటాడు జాక్. ఇక మిగతాదంతా ఈ ఇద్దరి మధ్యే.

హోస్ట్: మొన్న ఫోన్లో నువ్వు "ఇది మా పీజీలో జరిగిందక్కా" అన్నావు. అది చెప్పు ముందు.

విద్యార్థి: 2023 డిసెంబరు, మిచౌంగ్ తుపాను. నేనప్పుడు ఫస్టియర్. మూడో తారీఖు రాత్రి మొదలైన వాన నాలుగో తారీఖంతా పడుతూనే ఉంది. పొద్దున్నే చూస్తే కింద అంతస్తులో నడుం లోతు నీళ్లు. కరెంటు లేదు. సంపులోకి మురుగు కలిసింది, మోటారు మునిగింది. రెండో అంతస్తులో మేం తెలుగు కుర్రాళ్లం పదకొండు మందిమి. మాలో ఎంటెక్ చదివే కడప అన్న ఒకాయన ఉన్నాడు. ఎవరూ ఓట్లేయలేదు, ఆయనే క్యాలెండర్ కాగితం చించి వెనకవైపు రాసి గోడకి అంటించాడు. మేడ మీద ట్యాంకులో ఉన్న నీళ్లే మనకి గతి, రూముకి పూటకి ఒక బకెట్. ఫోన్లన్నీ స్విచ్చాఫ్. ఎక్కువ ఛార్జింగ్ ఉన్న ఒక్క ఫోను మాత్రం ఆన్‌లో ఉంటుంది, దాని దగ్గర రాత్రి రెండేసి గంటలు ఒకరు కూర్చోవాలి. సిగ్నల్ వచ్చిపోతుండేది కదా, వచ్చినప్పుడు ఎవరింటికి వీలైతే వాళ్లింటికి మెసేజ్ పెట్టాలి.

హోస్ట్: అదే మీ మంట.

విద్యార్థి: అదేనక్కా. ఇంకో సీనియర్ ఉన్నాడు, మంచి ఉషారైనవాడు. నాలుగో తారీఖు సాయంత్రం నీళ్లలో పడి వెళ్లి ఎక్కణ్ణించో పరోటాలు, గుడ్లు తెచ్చాడు. మేమంతా పొద్దుట్నుంచి బిస్కెట్ల మీద ఉన్నాం. ఆ పరోటా వాసనకి కడప అన్న కాగితం ఎవరికి గుర్తుంటుంది? పై మెట్ల మీద కూర్చుని తిన్నాం, పాటలు పాడుకున్నాం. నా వంతు రాత్రి రెండు నుంచి నాలుగు. ఫోను తీసుకుని పైకే వెళ్లాను. ఎవరో వీడియో పెట్టమన్నారు, పెట్టాను. తెల్లారేసరికి ఫోను చచ్చిపోయింది.

హోస్ట్: అయ్యో.

విద్యార్థి: ఆ తుపాను అయిదో తారీఖు తీరం దాటింది ఎక్కడనుకున్నారు? బాపట్ల దగ్గర. మా చీరాల పక్కనే. అమ్మ ఒక్కతే ఉంది ఇంట్లో. మాది గుంట మగ్గం, కాళ్లు పెట్టుకునే గుంటలోకి చిన్న వానకే నీళ్లూరుతాయి. ఆ రోజంతా అమ్మతో మాట్లాడే దారి లేదు నాకు, దానికి కారణం నేనే.

నవలలో అచ్చం ఇదే ఘట్టం ఉంది. మంట దగ్గర కాపలా ఉండాల్సిన కవలల్ని జాక్ వేటకి పట్టుకెళ్తాడు. సరిగ్గా అప్పుడే దూరంగా ఓడ పొగ కనపడుతుంది. రాల్ఫ్ పరిగెత్తుకుంటూ కొండెక్కేసరికి మంట ఆరిపోయి ఉంటుంది. అటువైపు వేటగాళ్లు పందిని కర్రకి కట్టుకుని పాడుకుంటూ వస్తుంటారు. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అంతవరకూ నేను రాల్ఫ్ వైపున్నాననుకుని చదువుతున్నాను.

హోస్ట్: మరి రాల్ఫ్ ఎక్కడ తప్పాడంటావు? న్యాయం అతని వైపే ఉంది కదా.

విద్యార్థి: న్యాయం అతని వైపే. ఓడ పోయిన సాయంత్రం మీటింగ్ పెడతాడు చూడండి, అక్కడ నాకు బాధేసింది. పొద్దు వాలాక పెడతాడు. చిన్నపిల్లలు అప్పటికే మృగం ఉందని వణికిపోతున్నారు. చెప్పాల్సినవన్నీ గట్టిగానే చెప్తాడు, మంట గురించి, గుడిసెల గురించి. తర్వాత మాట దయ్యాల మీదికి పోతుంది. అప్పుడు దయ్యాలున్నాయనుకునేవాళ్లు చేతులెత్తండి అని ఓటు పెడతాడు, ఆ చీకట్లో! చాలా చేతులు లేస్తాయి. భయాన్ని లెక్కపెట్టి పిల్లల చేతికిచ్చినట్టయింది. ఆ మీటింగే పగలు పెట్టి ఉంటే, చిన్నవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని ఉంటే కథ వేరుగా ఉండేదేమో. అంతకుముందు గుడిసెలు కట్టేటప్పుడు కూడా చివరికి మిగిలేది రాల్ఫూ, సైమనూ ఇద్దరే. చిన్నవాళ్లకి అందని పళ్లు కోసిచ్చేది సైమన్. నాయకుడని అతన్నెవరూ అనరు.

హోస్ట్: రాల్ఫ్ స్నేహితుడు పిగ్గీ ఉన్నాడు కదా, వాడి కళ్లద్దాలతోనే ఎండలో నిప్పు రాజేస్తారు, ఆ సంగతి కూడా చెప్పు. ఇంజనీరింగ్ వాళ్లు దాని మీద గొడవ పడతారు.

విద్యార్థి: అవునక్కా. పిగ్గీకి దూరం ఆనదు. అలాంటివాళ్ల అద్దాలు వెలుగుని చెదరగొడతాయి, ఒకచోటికి చేర్చవు. వాటితో నిప్పు రాదు. అక్కడ గోల్డింగ్ పొరబడ్డాడు. నాకది పెద్ద పట్టింపు కాదు. నన్ను పట్టేసింది వేరే. జాక్ వాళ్లు రాత్రిపూట పడి కొట్టి అద్దాలు ఎత్తుకెళ్తారు. పిగ్గీ ఏమనుకుంటాడంటే, శంఖం కోసం వచ్చారనుకుంటాడు. చూస్తే శంఖం ఉన్నచోటే ఉంది, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. దానికి విలువ పోయిందని పిగ్గీకింకా తెలీదు. ఆ తర్వాత కూడా ఆ శంఖం పట్టుకునే వాళ్ల దగ్గరికి న్యాయం అడగడానికి వెళ్తాడు, అక్కడే చచ్చిపోతాడు.

హోస్ట్: పిల్లలంతా ఇలాగే అయిపోతారని గోల్డింగ్ అన్నట్టుంది. ఒప్పుకుంటావా?

విద్యార్థి: పూర్తిగా ఒప్పుకోను. ఆయన స్కూల్లో పాఠాలు చెప్పినవాడు, నౌకాదళంలో యుద్ధం చేసినవాడు, చూసిందే రాసుంటాడు. కానీ 1965లో టోంగా దేశంలో ఆరుగురు బోర్డింగ్ స్కూలు కుర్రాళ్లు పడవ తీసుకుని పోయి తుపానులో చిక్కి, ఆటా అనే మనుషుల్లేని దీవికి కొట్టుకుపోయారు. పదిహేను నెలలున్నారు. 1966లో పీటర్ వార్నర్ అనే ఆస్ట్రేలియా నావికుడు చూసి తీసుకొచ్చాడు. ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని పనులు చేసుకున్నారు. నిప్పు ఆరనివ్వలేదు. ఒకడికి కాలు విరిగితే మిగతావాళ్లే కట్టు కట్టారు, అది అతుక్కుంది కూడా. గొడవైతే ఇద్దరూ చెరో పక్కకి పోయి చల్లారాక వచ్చేవాళ్లట.

హోస్ట్: మీ కడప అన్న ఏం చేశాడు మరి, ఫోను సంగతి తెలిశాక?

విద్యార్థి: ఏమన్నా అంటాడని చూశాను. ఏమీ అనలేదు. ఫోనుని రెండు పాల కవర్లలో చుట్టి, తల మీద పెట్టుకుని, నీళ్లలో నడిచి మెయిన్ రోడ్డు మీద జనరేటరున్న మందుల షాపుకి పోయాడు. మసకపడుతుంటే తిరిగొచ్చాడు, అరికాలు గాజుపెంకుకి కోసుకుపోయింది. ఆ రాత్రి రెండు నుంచి నాలుగు నా పక్కనే కూర్చున్నాడు. కాగితం మీద నా వంతు కొట్టేయలేదు, నన్నే ఉంచాడు.

నవల చివర్లో నౌకాదళం ఆఫీసరు వచ్చి, ఇక్కడ మీలో పెద్దెవరు అని అడుగుతాడు. రాల్ఫ్ గట్టిగా నేనే అంటాడు. జాక్ ఒక అడుగు ముందుకేయబోయి ఆగిపోతాడు. ఎన్నిసార్లు చదివానో ఆ రెండు వాక్యాలు.

హోస్ట్: అమ్మతో ఎప్పుడు మాట్లాడావు?

విద్యార్థి: ఆరో తారీఖు పొద్దున కలిసింది ఫోను. అమ్మ బాగానే ఉంది. గుంట నిండిందట, పడుగు తడిసిందట. నా గురించి రెండు మాటలడిగి, "అక్కడ మీకు పెద్దదిక్కు ఎవర్రా?" అంది. నేను ఫోను అన్న చేతికిచ్చాను. ఆయన కాలు చాపుకుని గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. "నమస్తే అమ్మా," అని, "మగ్గం ఎట్లుందమ్మా? గుంటలో నీళ్లు తోడినారా?" అని అడిగాడు.