ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టే ముందు

అందరికీ నమస్కారం. మన విశాఖ రుషికొండ ఐటీ హిల్స్ మీద ఉద్యోగం దొరికితే చాలనుకునేవాళ్లు ఈ హాల్లో చాలామందే ఉంటారు. 2023లో ఇన్ఫోసిస్ విశాఖలో ఆఫీసు తెరిచింది. 2025లో గూగుల్ ఇక్కడ డేటా సెంటర్ పెడతానని ప్రకటించింది. మన పిల్లలు హైదరాబాద్, బెంగళూరు బస్సెక్కకుండా ఇంట్లో అన్నం తిని ఆఫీసుకు వెళ్తారంటే నాకు చాలా సంతోషం. కానీ ఈరోజు నేను చెప్పేది అంత పెద్ద కంపెనీల గురించి కాదు. మొన్నమొన్న ఇరవై మందితో మొదలై, ఇవాళ ఐదువందల మందితో నడిచే కంపెనీల గురించి.

పెద్ద కంపెనీలో ఫ్రెషర్లు కొన్ని నెలలు ట్రైనింగ్‌లో, ఆపైన బెంచ్ మీద, అంటే ప్రాజెక్టు లేక ఖాళీగా, ఉండిపోవచ్చు. వేగంగా పెరిగే ఈ కంపెనీల్లో అలా కాదు, చేరిన కొద్దిరోజులకే మీరు రాసిన కోడ్ కస్టమర్ చేతిలో ఉంటుంది. ఒక రాత్రి ఒకే ఆర్డర్‌కు డబ్బు రెండుసార్లు కట్ అయిందనుకోండి. లాగ్‌లు, అంటే సర్వర్ రాసుకునే రికార్డులు, తీసి చూస్తే, బ్యాంకు నుంచి జవాబు ఆలస్యమైందని, ఈలోగా మన సర్వర్ అదే రిక్వెస్ట్ మళ్లీ పంపిందని తేలుతుంది. ప్రతి రిక్వెస్ట్‌కూ ఒక నంబరు ఇచ్చి, అదే నంబరు మళ్లీ వస్తే డబ్బు కట్ కాకుండా రాయాలి. ఆ రాత్రి అది నేర్చుకున్నవాళ్లు జన్మలో మర్చిపోరు.

మరి ఆ రాత్రి మీ పక్కన సీనియర్ ఎవరైనా ఉంటారా? నన్నడిగితే అన్నిటికన్నా ముందు చూసుకోవాల్సింది ఇదే. మనుషుల్ని గబగబా చేర్చుకునే చోట నేర్పేవాళ్లకు తీరిక ఉండదు. మేనేజర్లు మారిపోతుంటారు. ఏడాది అనుభవం ఉన్న అమ్మాయే టీమ్ లీడ్ అయిపోతుంది. దిద్దేవాళ్లు లేక, తప్పు పద్ధతే చేతికి అలవాటైపోతుంది. సిస్టమ్ ఆగితే ఏ వేళైనా లేచి సరిచేయాల్సిన ఆన్-కాల్ డ్యూటీలో అర్ధరాత్రి ఫోన్ టెన్షన్ సరేసరి. అందుకే ఇంటర్వ్యూలో 'నా కోడ్ ఎవరు రివ్యూ చేస్తారండీ, అంటే చూసి దిద్దేదెవరు?' అని అడగండి. నసిగితే ఆలోచించుకోండి.

ఇక జీతం. 18 లక్షల ప్యాకేజీ అని ఇంట్లో చెప్పేస్తాం. అందులో 6 లక్షలు ఈసాప్స్, అంటే ఉద్యోగులకు కంపెనీ షేర్లు కొనుక్కునే హక్కు, అయితే, ఆ షేర్లు మామూలుగా నాలుగేళ్లలో విడతలుగా వస్తాయి. చాలాచోట్ల ఏడాది నిండకముందే మానేస్తే ఏమీ రాదు. కంపెనీ స్టాక్ మార్కెట్లో లిస్ట్ కాకపోతే అమ్ముకోవడం కష్టం, పైగా షేర్లు తీసుకున్నప్పుడే పన్ను పడవచ్చు. 2021లో చెన్నైలో పుట్టిన సాఫ్ట్‌వేర్ కంపెనీ ఫ్రెష్‌వర్క్స్ అమెరికా స్టాక్ ఎక్స్ఛేంజ్ నాస్‌డాక్‌లో లిస్ట్ అయితే వందల మంది ఉద్యోగులు కోటీశ్వరులయ్యారని అందరూ చెబుతారు. 2022లో 22 బిలియన్ డాలర్ల విలువ పలికిన ఆన్‌లైన్ చదువుల కంపెనీ బైజూస్ 2024లో దివాలా ప్రక్రియలోకి వెళ్లిన సంగతి కూడా గుర్తుంచుకోండి. లోన్ ఈఎంఐ, చెల్లి ఫీజు నెలనెలా చేతికొచ్చే జీతంలోంచే లెక్కేసుకోండి.

ఇంటి బరువు మీ మీదే ఉంటే ఇలాంటి కంపెనీల్లో చేరొద్దని నేననను. ఫండింగ్, అంటే ఇన్వెస్టర్లు పెట్టే డబ్బు, ఆగితే ముందు కోత పడేది ఉద్యోగాల మీదే కాబట్టి, ఆర్నెల్ల ఇంటి ఖర్చు బ్యాంకులో పోగుపడేదాకా కొత్త బైక్ ఆలోచన పెట్టుకోకండి. ఇప్పటికే ఆఫర్ లెటర్ అందుకున్నవాళ్లు ముందుకు రండి, వరుసవరుసా కలిసి చదువుదాం.