బిరుదుల నుంచి రాహుకాలం దాకా

శ్రోతలకు నమస్కారం. ఇవాళ తమిళనాడు ద్రావిడ ఉద్యమం కథ చెప్పుకుందాం.

చెన్నైలో ఉంటూ చీరల కోసం టి. నగర్ వెళ్లని తెలుగువాళ్లు అరుదు. ఆ 'టి' పిట్టి త్యాగరాయ చెట్టిగారిది. కాళ్లు పీకి కాసేపు కూలబడే పార్కు పానగల్ రాజాగారిది. ఇద్దరూ మనవాళ్లే, ఇద్దరూ జస్టిస్ పార్టీవాళ్లే. 1916లో పుట్టిన ఆ పార్టీ ఉద్యోగాల్లో బ్రాహ్మణేతరుల వాటా గట్టిగా అడిగింది, మద్రాసు రాష్ట్రంలో అధికారంలోకి వచ్చాక 1921లో జీవో కూడా తెచ్చింది. రానురాను ముందు వరస కుర్చీలన్నీ జమీందార్లవీ, 'సర్' బిరుదులవీ అయ్యాయి. చివరికి 1937 ఎన్నికల్లో పార్టీ నాయకుడు బొబ్బిలి రాజాగారంతటివారే కాంగ్రెస్ అభ్యర్థి వి.వి. గిరి చేతిలో ఓడిపోయారు.

1944లో సేలం సభలో ఆత్మగౌరవ ఉద్యమ నాయకుడు పెరియార్ ఆ పార్టీని ద్రావిడర్ కళగంగా మార్చారు. తెల్లదొరలిచ్చిన బిరుదులు వదిలేయాలన్నారు. కొందరు పెద్దలకు అది మింగుడు పడలేదు, పాత పేరుతోనే విడిగా ఉండిపోయారు.

పెరియార్ శిష్యుడు అన్నాదురై 1949లో బయటికొచ్చి డీఎంకే పెట్టారు. ఎన్నికల్లో నిలబడాలంటే అందరి గడపా తొక్కాలి కదా! పెరియార్ దేవుడే లేడన్నారు. అన్నాదురై "ఒకే కులం, ఒకే దేవుడు" అన్నారు. పాతకాలపు శైవ యోగి తిరుమూలర్ మాటే అది, భక్తుడికీ కోపం రాదు. నాకైతే మొత్తం కథలో అసలు మలుపు ఇదే అనిపిస్తుంది. దక్షిణాదికి ప్రత్యేక దేశం కావాలన్న ద్రావిడనాడు డిమాండు 1963లో పోయింది. దేశ సమగ్రతకు ప్రమాణం చేయనివాళ్లు పోటీకి పనికిరారని రాజ్యాంగాన్ని సవరించారు మరి. 1967 ఎన్నికల్లో పొత్తు రాజాజీతో! 1938లో బడుల్లో హిందీ పెట్టినందుకు వీళ్లు ఎవరి మీద తిరగబడ్డారో, ఆ రాజాజీతోనే.

అలాగని అమ్ముడుపోయారనలేను. గెలిచాక అన్నాదురై పెరియార్ దగ్గరికే వెళ్లారు. పురోహితుడు లేని ఆత్మగౌరవ వివాహాలకు చట్టబద్ధత ఇచ్చిందీ ఆ ప్రభుత్వమే. వీధిలో నిలబడి ఎంత అరిచినా ఆ చట్టం వచ్చేది కాదు.

ఈమధ్య అలాంటి పెళ్లికే వెళ్లాను. మంత్రాల్లేవు, హోమం లేదు, వేదిక మీద పెరియార్ ఫొటో. ఉపన్యాసం మాత్రం సాగుతూనే ఉంది. పెళ్లికొడుకు తండ్రికి ఒకటే టెన్షన్, మాటిమాటికీ వాచీ చూసుకుంటున్నారు. ఏమైందండీ అని అడిగాను.

"ఆదివారం కదా, నాలుగున్నరకి రాహుకాలం వచ్చేస్తుంది. ఈలోపే దండలు మార్చెయ్యాలి" అన్నారు.