డెలావేర్ క్వార్టర్ మీద ఉన్నాయన ఎవరు? | విల్మింగ్టన్ వ్లాగ్

హాయ్ అండీ, బాగున్నారా? శనివారం అంటే మా ఇంట్లో లాండ్రీ వారం. మా అపార్ట్‌మెంట్‌లో మిషన్లకి ఇంకా క్వార్టర్లే (పావు డాలర్ నాణేలు) వేయాలి. అత్తయ్య డబ్బాలోంచి చిల్లర ఏరుతూ, "ఈ గుర్రం మీదాయన ఎవరమ్మాయ్?" అన్నారు. చూస్తే 1999 నాటి మా డెలావేర్ రాష్ట్రం క్వార్టర్! అమెరికా 50 రాష్ట్రాల పేరిట వేసిన నాణేల్లో మొదట వచ్చింది ఇదే. ఆయన సీజర్ రాడ్నీ.

1776 జూలై 1న ఫిలడెల్ఫియాలో, ఇంగ్లండ్ నుంచి విడిపోవాలా వద్దా అని కాంగ్రెస్ (అప్పటి అమెరికా వలసల ప్రతినిధుల సభ) తేల్చుకుంటోంది. డెలావేర్ సభ్యులు ముగ్గురు. థామస్ మెక్‌కీన్ విడిపోదామన్నాడు, జార్జ్ రీడ్ ఇప్పుడే వద్దన్నాడు. మూడో ఆయన రాడ్నీ ఊళ్లో లేడు. మెక్‌కీన్ కబురు పంపితే, డోవర్ వైపు నుంచి దాదాపు 80 మైళ్లు ఉరుముల వానలో వచ్చి, 2వ తేదీ ఓటింగ్‌కి అందుకున్నాడు.

గుర్రం సంగతి మాత్రం కాస్త డౌటే. రెండు రోజుల తర్వాత తమ్ముడికి రాసిన ఉత్తరంలో వాన గురించి ఉంది కానీ గుర్రం ఊసే లేదు. బండిలో వచ్చి ఉండొచ్చని కొందరంటారు. దేని మీద వస్తేనేంటండీ, ఆయనకి ఉబ్బసం, పైగా ముఖం మీద క్యాన్సర్! అది కనబడకుండా ఆకుపచ్చ గుడ్డ కట్టుకునేవాడట. అదే కాంగ్రెస్‌లో సభ్యుడైన జాన్ ఆడమ్స్ తన డైరీలో ఈయన రెల్లుపుల్లలా ఉంటాడని, ముఖం పెద్ద యాపిలంత కూడా ఉండదని రాసుకున్నాడు. ఆ ముఖంలోనే తెలివి, చురుకు, హాస్యం ఉన్నాయనీ రాశాడు.

"పాపం, ఇంట్లో చూసుకునేవాళ్లెవరు?" అన్నారు అత్తయ్య. పెళ్లి చేసుకోలేదు. కానీ చాకిరీకి మనుషుల కొరత లేదు. వాళ్ల కుటుంబ ఎస్టేట్‌లో దాదాపు 200 మంది బానిసలు ఉండేవారని చెబుతారు. మా డౌన్‌టౌన్‌లో 1923 నుంచి ఉన్న ఆయన విగ్రహాన్ని 2020 జూన్‌లో తీసేసింది అందుకే. తీసేయడమే సరైందని నా అభిప్రాయం.

ఇంకో విషయం. ఆ ఓటు వేసొచ్చాక సొంత ఊళ్లో దండలేమీ పడలేదు. విడిపోవడం ఇష్టం లేనివాళ్లు అక్కడ గట్టిగానే ఉన్నారు, అదే ఏడాది ఆయన కాంగ్రెస్ సీటు ఊడింది. మళ్లీ 1778లో డెలావేర్ ప్రెసిడెంట్ అయ్యాడు. అప్పట్లో అక్కడ గవర్నర్‌ని అలాగే పిలిచేవారు. 1781 దాకా, ఇంగ్లండ్‌తో స్వాతంత్ర్య యుద్ధం నడుస్తుండగా, ఆ పని చూశాడు. చివర్లో రాష్ట్ర ఎగువసభకి స్పీకర్‌ని చేస్తే, కదల్లేని స్థితిలో ఉన్నాడు. దాంతో కొన్నాళ్లు సభే ఆయన ఇంటికి వచ్చి కూర్చుంది. ఆ సమావేశాలు పూర్తికాకుండానే, 1784 జూన్‌లో పోయాడు.