బాయిలర్ తీసేశాక మిగిలిన గది

సభకు నమస్కారం.

ఇక్కడ చిన్న వర్క్‌షాపులు నడిపేవాళ్ళున్నారు, గోదాము కోసం తిరుగుతున్న వ్యాపారులున్నారు, ఇంజనీరింగ్, ఐటీఐ చదువుతున్న పిల్లలున్నారు. ముందు వరసలో నాతో కలిసి పనిచేసిన ఫిట్టర్లు కూడా కనిపిస్తున్నారు. మూతపడ్డ ఫ్యాక్టరీల గదుల్ని గోదాములుగా, వర్క్‌షాపులుగా మార్చుకోవడం గురించి వాళ్ళ ముందు మాట్లాడాలంటే నాకు కొంచెం టెన్షన్‌గానే ఉంది. నేను చెప్పబోయే దాంట్లో సగం వాళ్ళ దగ్గర నేర్చుకున్నదే.

మూతపడ్డ ఫ్యాక్టరీలోకి అడుగుపెట్టగానే అందరి కళ్ళూ పెద్ద షెడ్డు మీదికే పోతాయి. దాని వెనక, ప్రహరీ గోడకు ఆనుకుని కొన్ని గదులుంటాయి. బాయిలర్ హౌస్, పంప్ హౌస్, కంప్రెసర్ గది, జనరేటర్ గది, సబ్‌స్టేషన్. ఫ్యాక్టరీకి ఆవిరి, నీళ్ళు, గాలి, కరెంటు అందించినవి అవే. తుప్పు పట్టిన తలుపులు, గోడల్లో మొలిచిన రావి మొక్కలు, లోపల పావురాలు. వేలం వేసేటప్పుడు వాటి పేర్లు కూడా విడిగా రాయరు.

ముప్పై ఏళ్ళకు పైగా మెయింటెనెన్స్‌లో పనిచేశాను కాబట్టి నా మాట గట్టిగానే చెబుతాను. చిన్న పరిశ్రమకు ఆ కాంపౌండ్ మొత్తంలో అన్నిటికంటే పనికొచ్చేవి ఆ గదులే. పెద్ద షెడ్డు అద్దె మనం మోయలేం. ఈ గదులు మన చేతికి అందే కొలతలో ఉంటాయి. యంత్రం లోపలికి తేవడానికి పెట్టిన తలుపు కాబట్టి మినీ లారీ వెనక్కి వచ్చి ఆగగలదు. చాలా చోట్ల పైన గాంట్రీ గర్డర్, అంటే క్రేన్ నడిచే ఇనుప దూలం ఉంటుంది. ఎత్తు బాగుంటుంది. సామాన్లు పెట్టుకోవడానికైనా, లేత్ మిషన్లు నాలుగు వేసుకోవడానికైనా ఇంతకంటే ఏం కావాలి?

ప్రపంచంలో ఇలాంటి భవనాలను నిలబెట్టుకున్న చోట్లు ఉన్నాయి. లండన్‌లో థేమ్స్ ఒడ్డున బ్యాంక్‌సైడ్ అనే పవర్ స్టేషన్ ఉండేది, ఆయిల్‌తో నడిచేది. 1981లో ఆపేశారు. 2000లో అది టేట్ మోడర్న్ మ్యూజియం అయింది. 35 మీటర్ల ఎత్తున్న టర్బైన్ హాలును అలాగే ఉంచారు. నాకు అంతకంటే నచ్చింది మరొకటి ఉంది. భూమిలో ఉన్న పాత ఆయిల్ ట్యాంకులను కూడా వదలకుండా 2012లో ప్రదర్శనలకు తెరిచారు. జర్మనీలో ఎసెన్ నగరంలో జోల్‌ఫెరైన్ బొగ్గు గని 1986లో మూతపడింది. దాని బాయిలర్ హౌస్‌ను 1997లో డిజైన్ మ్యూజియంగా మార్చారు. బాయిలర్లలో ఒకదాన్ని కళ్ళారా చూసేలా లోపలే నిలిపారు. 2001లో యునెస్కో ఆ గని ప్రాంగణాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

మన హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున 1920లో మొదలైన థర్మల్ పవర్ హౌస్ ఉండేది. నగరానికి వెలుగు ఇచ్చిన ఇల్లు అది. 1990లలో దాన్ని విప్పేశారు. ఇప్పుడు ఆ వైపు సాయంత్రం నడకకు వెళ్ళే పిల్లలకు అక్కడ అలాంటిది ఒకటి ఉండేదని చెప్పినా నమ్మరు. నాకు ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

అయితే మన ఊళ్ళలో ప్రతి బాయిలర్ హౌసూ మ్యూజియం కావడం కుదరదు. కావాల్సిన అవసరమూ లేదు. ఒక పనికి కట్టిన గదిని ఇంకో పనికి వాడుకుంటే దాన్ని ఎవరూ కూల్చరు. గోదాము, వర్క్‌షాప్ అనేవి అందుకు చక్కగా సరిపోయే పనులు. ఖర్చు తక్కువ, భవనానికి కోత తక్కువ. రేపు ఇంకెవరైనా ఇంకోలా వాడుకోవాలన్నా వీలుంటుంది.

ఇక అసలు సంగతి. అలాంటి గది తీసుకునే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఇది ఇంతకుముందు ఏ పని చేసింది? ఆ పని తాలూకు బరువు, వేడి, చెమ్మ, నూనె, విషం అన్నీ ఇంకా అక్కడే ఉంటాయి. యంత్రాన్ని మాత్రమే తీసుకెళ్ళారు.

ముందు నేల సంగతి చెబుతాను, ఎందుకంటే నేను తప్పు చేసింది అక్కడే. చాలా ఏళ్ళ కింద ఒక మూతపడ్డ మిల్లు కంప్రెసర్ గదిని స్పేర్ పార్టుల స్టోరుగా మార్చే పని నాకు అప్పగించారు. గోడలు చూశాను, కప్పు చూశాను, వాన నీరు ఎటు పోతుందో చూశాను. సుద్దముక్కతో నేల మీద గీతలు గీసి ర్యాకులు నిలబెట్టించాను. మూడో వారంలో ఒక ర్యాకు కాలు నేలలోకి దిగిపోయింది. ర్యాకు ఒరిగింది, బేరింగుల పెట్టె జారి ఒక హెల్పర్ పాదం మీద పడింది. ఎముక విరిగింది. ఆ కుర్రాడి వయసు ఇరవై కూడా లేదు.

ఏం జరిగిందంటే, కంప్రెసర్ కూర్చున్న చోట కాంక్రీట్ దిమ్మె నిలువెత్తు లోతు వరకూ ఉంటుంది. దాని మీద మీరు ఏం పెట్టినా కదలదు. ఆ దిమ్మె చుట్టూ మాత్రం పైపుల కోసం, కేబుళ్ళ కోసం ట్రెంచిలు ఉంటాయి. వాటి మీద చెకర్డ్ ప్లేట్లు, అంటే జారకుండా గరుకు గళ్ళున్న ఇనుప రేకులు పరుస్తారు. అవి మనిషి నడవడానికి వేసినవి. ఏళ్ళ తరబడి దుమ్ము, గ్రీజు పేరుకుని నేలంతా ఒకే గచ్చులా కనిపిస్తుంది. మా ర్యాకు కాలు సరిగ్గా ప్లేటు మధ్యలో పడింది. అరకు 500 కిలోల చొప్పున నాలుగు అరలు పెడితే ర్యాకులో ఒక్కో గడికి, అంటే నాలుగు కాళ్ళ మధ్య భాగానికి 2 టన్నులు. రెండు గళ్ళ బరువు పంచుకునే మధ్య కాలి మీద దాదాపు ఒక టన్ను పడుతుంది. కాలి కింద ఉండే అరచేయంత పలక మీద ఒక టన్ను!

అప్పటినుంచి నేను పెట్టుకున్న పద్ధతి ఇది. మొదటి రోజు నేల అంతా కడిగించాలి. ప్రతి ప్లేటూ లేపి చూడాలి. ట్రెంచిలు, దిమ్మెలు, గోతులు కాగితం మీద కొలతలతో గీయాలి. ఆ తర్వాతే ర్యాకు ఎక్కడ, మిషన్ ఎక్కడ అన్న మాట. దిమ్మె ఉన్న చోటే లేత్ గానీ, పవర్ ప్రెస్ గానీ వేసుకోండి. కొత్త పునాది ఖర్చు మిగులుతుంది, అదురు కూడా తగ్గుతుంది. వాడని ట్రెంచిని కాంక్రీటుతో నింపేయండి. కేబుళ్ళకు కావాలనుకుంటే ప్లేట్ల బదులు బరువు మోసే స్లాబులు వేయించండి.

మేడ మీద సామాను పెట్టాలనుకునేవాళ్ళకు ఒక మాట. మన భారతీయ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం గోదాము నేలకు సామాను ఎత్తులో ప్రతి మీటరుకూ చదరపు మీటరుకు 2.4 కిలోన్యూటన్ల చొప్పున లెక్కవేయాలి, ఎంత తక్కువైనా 7.5 ఉండాలి. అంటే చదరపు మీటరుకు సుమారు 765 కిలోలు. ఆఫీసు గదికి అదే లెక్క 2.5 మాత్రమే. సబ్‌స్టేషన్ పైన కంట్రోల్ రూమ్ ఖాళీగా ఉంది కదా అని సిమెంటు బస్తాలు ఎక్కించేస్తే ఏమవుతుందో ఊహించండి. స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం లేకుండా పై అంతస్తులో ఒక్క బస్తా కూడా పెట్టకండి.

బాయిలర్ హౌస్ సంగతి వేరు. ఒక చక్కెర మిల్లు బాయిలర్ హౌస్ చూడటానికి వెళ్ళినప్పుడు, అక్కడ ఇరవై ఏళ్ళు బాయిలర్ అటెండెంటుగా చేసిన పెద్దాయన్ని వెంట తీసుకెళ్ళాను. నేను టేపు పట్టుకుని గోడ వారగా నడుస్తున్నాను. ఆయన చటుక్కున నా చెయ్యి పట్టుకుని లాగాడు. "బాబూ, అక్కడ అడుగెయ్యకండి. ఆ రేకు కింద బ్లోడౌన్ గొయ్యి ఉంది, నిలువెత్తు కంటే లోతు" అన్నాడు. బాయిలర్ అడుగున చేరే మురికి నీళ్ళను వదిలే గొయ్యి అది. రేకు లేపి చూస్తే నల్లటి నీళ్ళు. డ్రాయింగుల్లో ఆ గొయ్యి లేదు, తర్వాతెప్పుడో తవ్వారట. ఆ కాంపౌండ్‌లో పనిచేసిన మనుషులు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్ళను పిలిచి, ఒక పూట కూలి ఇచ్చి, గౌరవంగా కూర్చోబెట్టి అడగండి. ఏ డ్రాయింగూ చెప్పని సంగతులు చెబుతారు.

అలాంటి గోతుల్లోకి, బూడిద గుంటల్లోకి, ఆయిల్ ట్యాంకుల్లోకి మనిషిని దింపే ముందు గాలి పరీక్ష చేయించి తీరాలి. మామూలు గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం. 19.5 కంటే తగ్గితే లోపలికి పోకూడదు. కుళ్ళిన గుడ్ల వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ఆ వాసన తెలియడమే ఆగిపోతుంది. వాసన పోయింది, పర్వాలేదు అనుకుని దిగినవాడు పైకి రాడు. ఒకడు పడితే కాపాడబోయిన రెండోవాడూ పడతాడు. ఇలాంటి వార్తలు మనం ప్రతి ఏడాదీ చదువుతూనే ఉన్నాం. కాబట్టి గ్యాస్ మీటరు, పైన ఒక మనిషి, నడుముకు తాడు. ఈ మూడూ లేకపోతే పని ఆపేయండి.

బాయిలర్ హౌస్‌లో ఇంకో ప్రమాదం కంటికి కనిపించదు. కొన్ని భవనాల్లో బాయిలర్‌ను మోసే ఇనుప చట్రమూ, గది స్తంభాలూ ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడి ఉంటాయి. స్క్రాప్ కాంట్రాక్టరు గ్యాస్ కట్టర్‌తో బాయిలర్‌ను కోసుకుపోయాక ఆ స్తంభాలకు పక్క పట్టు పోతుంది. పైకి బాగానే కనిపిస్తాయి, పెద్ద గాలివానకు తెలుస్తుంది. అందుకే వేలానికి ముందే ఏవి కోయాలో, ఏవి ముట్టకూడదో రంగు వేసి గుర్తు పెట్టించండి. గాంట్రీ గర్డర్లను కూడా ఆ జాబితాలో చేర్చించండి. ఒక్కసారి ఇనుము కిలోల లెక్కన లారీ ఎక్కితే మళ్ళీ రాదు. ఉన్న క్రేన్‌ను వాడాలంటే సమర్థుడైన పరీక్షకుడితో లోడ్ టెస్ట్ చేయించాలి, ఏడాదికోసారి తనిఖీ చేయించాలి. ఫ్యాక్టరీల చట్టం కాలం నుంచీ ఉన్న నియమమే ఇది.

ఆవిరి పైపుల చుట్టూ తెల్లటి పూత ఉంటుంది చూశారా? పాత భవనాల్లో అందులో ఆస్‌బెస్టాస్ అనే రాతినార ఉండే అవకాశం ఎక్కువ. కప్పు మీది సిమెంటు రేకు కంటే ఇది చాలా ప్రమాదకరం, ఎందుకంటే మెత్తగా ఉండి చేత్తో నలిపితే చాలు, పొడి అవుతుంది. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోయాక రోగం బయటపడటానికి ఇరవై, ముప్పై ఏళ్ళు పట్టవచ్చు. ముక్కను ల్యాబ్‌కు పంపి తేల్చుకునేదాకా ఎవరినీ గోకనివ్వకండి. తీయాల్సి వస్తే తడిపి తీయించి, సంచుల్లో మూసి, ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి. హైదరాబాద్ వైపు దుండిగల్‌లో, విశాఖ వైపు పరవాడలో అలాంటి కేంద్రాలున్నాయి. కప్పు రేకులు గట్టిగా ఉంటే వాటిని కదిలించకపోవడమే మేలు. వాటి మీద నడవడం, డ్రిల్ వేయడం మాత్రం వద్దు.

ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ గురించి కూడా ఇంతే జాగ్రత్త. పాత ఆయిళ్ళలో పీసీబీ అనే విషం ఉండవచ్చు. 2016లో కేంద్రం దాని మీద నిషేధపు ఉత్తర్వు తెచ్చింది. చెద పట్టకుండా తలుపులకు పాత ఆయిల్ పూసే అలవాటు మనకు ఉంది. పరీక్ష చేయని ఆయిల్‌ను అలా పంచిపెట్టకండి. సబ్‌స్టేషన్ గదిలో కరెంటు లేదని ఎవరు చెప్పినా నమ్మకండి, ఆ వోల్టేజీకి సరిపోయే టెస్టర్ పెట్టి చూశాకే ముట్టుకోండి. లీకైన కరెంటును భూమిలోకి పంపే ఎర్త్ పిట్లు ఎండిపోయి ఉంటే మళ్ళీ కొలిపించండి.

గోడల సంగతి క్లుప్తంగా చెబుతాను. డంగు సున్నంతో కట్టిన రాతి గోడకు సిమెంటు పూత వేస్తే లోపలి చెమ్మ బయటికి రాలేక గోడ పొట్టు రాలుతుంది. సున్నపు పూతే వేయించండి. పంప్ హౌస్‌లు నేల కంటే కిందికి ఉంటాయి కాబట్టి అక్కడ కాగితం, నూలు, ధాన్యం పెట్టకండి. పైపులు, ఇనుప సామాను అయితే ఫర్వాలేదు.

ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వని సంగతి. 2022 మార్చి 23న సికింద్రాబాద్ భోయిగూడలో ఒక స్క్రాప్ గోదాము తగలబడింది. పైన పడుకున్న 11 మంది బీహార్ కూలీలు చనిపోయారు. కింద సామాను, పైన నిద్ర, దిగడానికి సరైన రెండో దారి లేదు. 2023 నవంబరులో నాంపల్లి బజార్‌ఘాట్‌లో, కింద రసాయన డ్రమ్ములు నిల్వ చేసిన అపార్ట్‌మెంట్ తగలబడింది. అక్కడ కనీసం 9 మంది పోయారు. మనం మాట్లాడుకుంటున్న గదులకు కిటికీలు తక్కువ, తలుపు ఒకటే ఉంటుంది. యంత్రానికి ఒక తలుపు చాలు, మనిషికి రెండు కావాలి. రెండో తలుపు కోసం గోడ పగలగొట్టడానికి మాత్రం నేను ఒక్క క్షణం కూడా ఆలోచించను, అది ఎంత అందమైన పాత గోడైనా సరే. వెల్డింగ్ చేసే చోటికీ, అట్టపెట్టెలు పెట్టే చోటికీ మధ్య కప్పుదాకా ఇటుక గోడ కట్టండి. రాత్రి కాపలా మనిషిని లోపల పడుకోనివ్వకండి, గేటు దగ్గర గది కట్టించండి. అద్దె మాట్లాడుకునే రోజే ఈ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి. తర్వాత చూద్దాం అన్న మాట ఇక్కడ పనికిరాదు.

ఆ పాదం విరిగిన కుర్రాడి గురించి చాలామంది అడుగుతుంటారు. కోలుకున్నాడు, ఫిట్టర్‌గా స్థిరపడ్డాడు. పోయిన ఏడాది నేను ఒక పాత పంప్ హౌస్ చూడటానికి వెళ్తుంటే తనూ వచ్చాడు. నేను గుమ్మంలో నిలబడి కప్పు వైపు చూస్తున్నాను. తను అప్పటికే గడ్డపార తీసుకుని మొదటి ప్లేటు లేపుతున్నాడు.

ఆ పంప్ హౌస్ కొలతలు గీసిన కాగితాలు వెనక బల్ల మీద పెట్టాను. ట్రెంచిలు ఎర్ర రంగులో, దిమ్మెలు నీలం రంగులో ఉన్నాయి. రెండో తలుపు ఎక్కడ పెట్టాలన్నది ఇంకా తేలలేదు. పిల్లలు ముందు రండి, మీరెక్కడ పెడతారో చెప్పండి.